పిల్లల ప్రథమ చికిత్స కోర్సు: 6 గంటలదా, 12 గంటలదా, ఆన్‌లైన్‌దా? ఇంగ్లండ్ నర్సరీల్లో పనిచేసే మనవాళ్ల కోసం

మన ఇళ్లలో అన్నం తింటున్న పిల్లవాడికి పొలమారితే నెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నార్రా నిన్ను" అంటాం. దగ్గి దగ్గి వాడే సర్దుకుంటాడు. గొంతుకు అడ్డం పడడం అలాంటిది కాదు. పొలమారిన పిల్లవాడు దగ్గుతాడు, ఏడుస్తాడు, పక్కగదికి వినిపిస్తాడు. అడ్డం పడిన పిల్లవాడి దగ్గర చప్పుడుండదు. మన భాషలో రెండిటికీ వేరువేరు మాటలున్నా, నా చేతులకు మాత్రం రెండిటికీ నెత్తిన తట్టడమే తెలుసు. తేడా తెలిసింది ఇంగ్లండ్ వచ్చాక, రెడింగ్‌లో ఒక చర్చి హాల్లో నేలమీద కూర్చుని, ప్లాస్టిక్ పాపాయిని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకున్న రోజున.

ఇక్కడి నర్సరీల్లో తెలుగువాళ్లం బాగానే ఉన్నాం. డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లు, ఇండియాలో టీచరుగానో డెంటిస్టుగానో చేసి ఇక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతున్నవాళ్లు, సొంత ఇంట్లో చైల్డ్‌మైండింగ్ పెట్టుకున్నవాళ్లు. తరచూ ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు: "అక్కా, పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ కావాలంటున్నారు. ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటుంది, చాలదా?" ఫోన్లో పది నిమిషాల్లో తేలే సంగతి కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది. స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లలో నిబంధనలు వేరు.

## ముందు ఏమేం చూడాలి

ధర చివర చూడండి. మొదట చూడాల్సింది మీ పనికి నిబంధన ఏమడుగుతోందో.

ఐదేళ్లలోపు పిల్లల్ని చూసే నర్సరీలు, ప్రీస్కూళ్లు, చైల్డ్‌మైండర్లు ఈవైఎఫ్‌ఎస్ అనే ప్రభుత్వ నిబంధనావళికి కట్టుబడాలి. నర్సరీలను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ వస్తే దాన్నే ముందు పెట్టుకుంటుంది. పిల్లలున్నంతసేపూ, పూర్తి పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉన్న మనిషి కనీసం ఒకరు ఆవరణలో అందుబాటులో ఉండాలని అది చెబుతుంది. పిల్లల్ని పార్కుకో లైబ్రరీకో తీసుకెళ్తే అలాంటివారు వెంట ఉండాలి. 2016 జూన్ 30 తర్వాత పిల్లల సంరక్షణలో లెవెల్ 2 గానీ లెవెల్ 3 గానీ అర్హత పూర్తిచేసినవారు, ఉద్యోగంలో చేరిన మూడు నెలల్లోగా 12 గంటల పూర్తి కోర్సో 6 గంటల ఎమర్జెన్సీ కోర్సో చేసి ఉండాలి. చేయకపోతే రేషియోలో లెక్కకు రారు.

రేషియో అంటే ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలు ఉండాలన్న లెక్క. రెండేళ్లలోపు వారికి ముగ్గురికి ఒకరు, రెండేళ్లవారికి ఐదుగురికి ఒకరు. మీరు గదిలో నిలబడి ఉన్నా లెక్కకు రాకపోతే మేనేజర్ మీ చోట ఇంకొకరిని పెట్టాల్సిందే. ఇంటర్వ్యూలో ఈ సర్టిఫికెట్ గురించి అంతగా అడిగేది అందుకే.

2025 సెప్టెంబరు నుంచి ఇంకొంచెం బిగించారు. అప్రెంటిస్‌లు, దీర్ఘకాలం ప్లేస్‌మెంట్‌కు వచ్చే విద్యార్థులు, వాలంటీర్లు కూడా రేషియోలోకి రావాలంటే ఈ సర్టిఫికెట్ ఉండాలి. పిల్లలు తింటున్నంతసేపూ సర్టిఫికెట్ ఉన్నవారు ఒకరు ఆ గదిలోనే ఉండాలి. ఆవరణలో ఎక్కడో ఉంటే చాలదు.

ఈ నిబంధనల వెనక ఒక పాప ఉంది. 2012లో స్టాక్‌పోర్ట్ దగ్గర ఒక నర్సరీలో భోజనం గొంతుకు అడ్డుపడి, మిల్లీ అనే తొమ్మిది నెలల పాప చనిపోయింది. నర్సరీ సిబ్బంది అందరికీ ఈ శిక్షణ ఉండాలని ఆమె తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడారు. 2016లో వచ్చిన 'మిల్లీస్ మార్క్' గుర్తింపు ఆ పాప పేరు మీదే. రేషియోలో ఉన్న సిబ్బంది అందరికీ శిక్షణ ఇప్పించిన నర్సరీలకు ఆ గుర్తింపు ఇస్తారు. మీరు ఉద్యోగానికి వెళ్తున్న నర్సరీ తలుపు మీద ఆ గుర్తు కనిపిస్తే, శిక్షణను అక్కడ కాగితం కోసం చేయించడం లేదని అనుకోవచ్చు.

రెండోది, మీరు పిల్లలతో ఒంటరిగా ఉండే సందర్భం ఉందా అన్నది. "నేను అసిస్టెంటునే కదా" అనుకోకండి. తోటి ఉద్యోగి డైపర్ మార్చడానికి వెళ్లిన ఆ నాలుగు నిమిషాలు గదిలో పెద్ద దిక్కు మీరే.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. కోర్సులో మీ చేతులు ఎంతసేపు బొమ్మ మీద ఉంటాయి? చూసి తెలుసుకున్నది పరీక్షకు పనికొస్తుంది. పాప మొహం నీలంగా మారుతున్నప్పుడు పనికొచ్చేది చేతులకు అలవాటైనదే.

నాలుగోది, ఏమేం నేర్పుతారు. ఐదోది, మీ యజమానీ ఆఫ్‌స్టెడ్డూ ఒప్పుకునే సర్టిఫికెట్ వస్తుందా. ఆ తర్వాతే డబ్బు, సెలవు.

## ఒక చూపులో

| కోర్సు | కనీస నిడివి (విరామాలు కాక) | ఎదురుగా నేర్చుకునేది | చైల్డ్‌మైండర్‌కు | రేషియో లెక్కకు | కాలిన గాయాలు, అలర్జీ, తలదెబ్బ |
|---|---|---|---|---|---|
| పూర్తి కోర్సు, అంతా తరగతిలో | 12 గంటలు | 12 గంటలు | చెల్లుతుంది | చెల్లుతుంది | నేర్పుతారు |
| పూర్తి కోర్సు, సగం ఆన్‌లైన్ | 12 గంటలు | కనీసం 6 గంటలు | చెల్లుతుంది | చెల్లుతుంది | ఎక్కువగా ఆన్‌లైన్ భాగంలో |
| ఎమర్జెన్సీ కోర్సు | 6 గంటలు | 6 గంటలు | చెల్లదు | చెల్లుతుంది | కోర్సులో లేవు |
| ఆన్‌లైన్ మాత్రమే | అమ్మేవారి ఇష్టం | లేదు | చెల్లదు | చెల్లదు | వీడియోలో చూపిస్తారు |
| ఫస్ట్ ఎయిడ్ ఎట్ వర్క్ (ఆఫీసులకు) | ఒక రోజు లేదా మూడు రోజులు | ఉంటుంది | చెల్లదు | చెల్లదు | పెద్దవాళ్లకు సంబంధించినవి |

చెల్లే మూడిటికీ గడువు మూడేళ్లు. మూడేళ్ల తర్వాత మళ్లీ కోర్సు చేయాలి. పూర్తి కోర్సు చేసినవారు గడువు తీరాక ఒక్కపూట రిఫ్రెషర్‌తో సరిపెట్టుకోలేరు, మళ్లీ 12 గంటలే.

## పూర్తి కోర్సు, రెండు రోజులూ తరగతిలో

మీకు వీలైతే ఇదే చేయండి.

మొదటి రోజు ప్రాణం మీదికి వచ్చేవన్నీ చెబుతారు: స్పృహ తప్పిన పిల్లవాడు ఊపిరి తీస్తున్నాడా లేదా చూడడం, సీపీఆర్ (ఛాతీ నొక్కి, నోటితో ఊపిరివ్వడం), గొంతుకు అడ్డం పడితే చేయాల్సింది, ఫిట్స్, రక్తస్రావం, రక్తం పోయి వచ్చే షాక్. రెండో రోజు మిగతావి: కాలిన గాయాలు, ఎముక విరిగిందన్న అనుమానం, తల, మెడ, వెన్ను దెబ్బలు, విషం మింగడం, కంట్లో చెవిలో ముక్కులో ఏదైనా దూరడం, కుట్టడం, కరవడం, కరెంటు షాక్, ఎండదెబ్బ, చలి, తీవ్రమైన అలర్జీ, ఆస్తమా, మెనింజైటిస్, జ్వరంతో వచ్చే ఫిట్స్, షుగర్ పడిపోవడం. ప్రథమ చికిత్స పెట్టెలో ఏముండాలో, ప్రమాదాన్ని పుస్తకంలో ఎలా రాయాలో కూడా చెబుతారు.

ఇప్పుడు నర్సరీలో ఒక మామూలు వారం గుర్తు తెచ్చుకోండి. సీపీఆర్ చేసే పరిస్థితి చాలామందికి ఉద్యోగ జీవితం మొత్తంలో రాదు. రెండేళ్లవాళ్ల గదిలో తలదెబ్బ మాత్రం దాదాపు రోజూ ఉంటుంది. కొత్త తిండి తిన్న పిల్లకు మూతి చుట్టూ దద్దుర్లు వస్తాయి. ఎవరో ముక్కులో పూస దూర్చుకుంటారు. దేనికి ఐస్ ప్యాక్ చాలు, దేనికి తల్లిదండ్రుల్ని పిలవాలి, దేనికి 999 (ఇక్కడి అత్యవసర నంబరు) నొక్కాలి అన్న విచక్షణ వచ్చేది ఆ రెండో రోజునే.

మనవాళ్లకు రెండో రోజు అవసరం ఇంకో కారణానికి కూడా ఉంది. మనం ఇంటి వైద్యంతో పెరిగినవాళ్లం. కాలితే పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్టు పెడతాం. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవి పెడతాం, పళ్ల మధ్య చెంచా పెడతాం. మా అమ్మమ్మ ఇవన్నీ ప్రేమతోనే చేసింది, ఆవిడకు తెలిసింది అదే. ఇక్కడ నేర్పేది వేరు. కాలిన చోట చల్లటి కుళాయి నీళ్లు 20 నిమిషాలు పారనివ్వాలి, ఏమీ పూయకూడదు. ఫిట్స్ వచ్చిన పిల్లవాణ్ని అదిమి పట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, తలకు మెత్తగా ఏర్పాటు చేసి, ఎంతసేపు వచ్చిందో గడియారం చూడాలి. గాభరాలో చెయ్యి పాత అలవాటు వైపే పోతుంది. కొత్తది అలవాటు కావాలంటే ఒకసారి వినడం చాలదు, పక్కన శిక్షకుడుండి చేయించాలి.

లోటు ఖర్చు, సెలవు. నేను ఈమధ్య చూసినవాటిలో ఎక్కువ కోర్సులు మనిషికి 100 పౌండ్లకు అటూ ఇటూ ఉన్నాయి. రెండు పనిరోజులు పోతాయి. శని, ఆదివారాల్లో పెట్టేవారున్నారు, కానీ సీట్లు తొందరగా అయిపోతాయి.

## పూర్తి కోర్సు, సగం ఆన్‌లైన్

6 గంటల పాఠం ఇంట్లో వీడియోలు చూస్తూ పూర్తిచేసి, మరో 6 గంటలు తరగతికి వెళ్తారు. నిబంధన దీన్ని ఒప్పుకుంటుంది. ప్రాణాపాయానికి సంబంధించిన 6 గంటల భాగం మాత్రం ఎదురుగా జరగాలి. చంటిపిల్లలున్న తల్లులకు, వారంలో ఒక్క రోజే సెలవు దొరికేవాళ్లకు ఇది మంచి దారి.

ఇందులో మీ నిజాయితీ కూడా పరీక్షకు వస్తుంది. వీడియో ఆడుతుండగా పక్కన వంట చేసుకుంటే, కాలిన గాయాలు, అలర్జీ, ఆస్తమా మీ చెవిన పడకుండానే పోతాయి. నేను రెండోసారి ఇలా చేశాను. రాత్రి పిల్లలు పడుకున్నాక నోట్సు రాసుకుంటూ చూశాను, బాగానే అబ్బింది. ఇంగ్లిష్ యాస పట్టుకోవడం కష్టంగా ఉన్నవాళ్లకు వీడియో ఆపి, వెనక్కి తిప్పి వినే వీలుండడం పెద్ద సాయం. తరగతిలో సందేహం అడగడానికి మొహమాటపడే అమ్మాయిలు ముందు వీడియో చూసి వెళ్తే, తరగతిలో నోరు విప్పడం నేను చూశాను.

అలర్జీ మందు పెన్ను తొడకు ఎలా ఆనించాలో, ఆస్తమా ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో ఎలా ఇవ్వాలో శిక్షణ పెన్నుతో ఆ రోజే చేయిస్తారేమో ముందే అడగండి. కొందరు చేయిస్తారు, కొందరు "వీడియోలో చూశారు కదా" అంటారు.

## ఎమర్జెన్సీ కోర్సు, ఒక్క రోజు

పై కోర్సులో మొదటి రోజంతా ఇదే. ఖర్చు తక్కువ, ఒక్క రోజుతో అయిపోతుంది, రేషియోకు చెల్లుతుంది. సిబ్బంది అందరికీ ఒకేసారి చేయించాలనుకునే నర్సరీలు దీన్ని ఎంచుకోవడంలో తప్పులేదు. సీపీఆర్, గొంతుకు అడ్డం పడడం గదిలో ఐదుగురికి తెలియడం ఒక్కరికి తెలియడం కంటే చాలా నయం.

కానీ సొంత డబ్బుతో చేసేవారికి నేనిది చెప్పను. ఆవరణలో తప్పనిసరిగా ఉండాల్సిన ఆ ఒక్కరుగా మీరు నిలబడలేరు. కాబట్టి పొద్దున తలుపు తెరిచే షిఫ్టుకు, సాయంత్రం మూసే షిఫ్టుకు మిమ్మల్ని ఒంటరిగా వేయలేరు. రేపు చైల్డ్‌మైండింగ్ పెట్టాలనుకుంటే మళ్లీ పూర్తి కోర్సు చేయాలి. ఇప్పుడు మిగిలిన నలభై యాభై పౌండ్లకు అప్పుడు రెండింతలు ఖర్చవుతుంది.

## పూర్తిగా ఆన్‌లైన్

నాకు దీనిమీద కోపం ఉంది. మొదటిసారి నేను కొన్నది ఇదే. 'ఆఫ్‌స్టెడ్‌కు అనుగుణం' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మూడు గంటలు వీడియో చూసి, ఇరవై ప్రశ్నలకు జవాబులు టిక్కు పెడితే రంగుల సర్టిఫికెట్ వచ్చింది. ఇంటర్వ్యూలో మేనేజర్ దాన్ని చూసి, "ఎదురుగా చేసిన కోర్సు కావాలి" అని మర్యాదగా తిరిగిచ్చారు. అప్పట్లో ఆ డబ్బు మాకు రెండు రోజుల కూరగాయలు.

ఆఫ్‌స్టెడ్ ఏ కోర్సుకూ ముద్ర వేయదు. సమర్థులైన శిక్షకుల్ని ఎంచుకునే బాధ్యతను నిబంధన నర్సరీ మీదే పెట్టింది. కాబట్టి 'ఆఫ్‌స్టెడ్ ఆమోదించింది' అని ఎవరైనా రాసుకుంటే దాన్నే అనుమానించండి. తరగతికి వెళ్లే ముందు పదాలు అలవాటు చేసుకోవడానికో, ఏడాదికోసారి గుర్తు చేసుకోవడానికో ఆన్‌లైన్ పాఠాలు పనికొస్తాయి. అంతవరకే.

## చేతిలో ఇప్పటికే వేరే సర్టిఫికెట్ ఉంటే

ఇదివరకు ఆఫీసులోనో దుకాణంలోనో పనిచేసి ఫస్ట్ ఎయిడ్ ఎట్ వర్క్ చేసినవారుంటారు. అది సిబ్బంది కోసం, అంటే పెద్దవాళ్ల కోసం. 1981 నాటి పని ప్రదేశాల నిబంధనల కింద వచ్చేది. నర్సరీకి ఉద్యోగుల కోసం అది కూడా కావాల్సి రావచ్చు, కానీ పిల్లల సర్టిఫికెట్ స్థానంలో చెల్లదు.

ఇండియాలో డాక్టర్లు, నర్సులు, డెంటిస్టులుగా చేసి వచ్చినవాళ్ల దగ్గర బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్, ఆసుపత్రి సిబ్బందికి నేర్పే ప్రాణరక్షణ శిక్షణ) కార్డు ఉంటుంది. "నేను ఐసీయూలో చేశాను, నాకు ఇదెందుకు?" అని ఒకామె బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమైంది. అయినా తల్లిదండ్రులు దగ్గర లేనప్పుడు చిన్నపిల్లల్ని చూసేవారి కోసం తయారైన కోర్సే కావాలని నిబంధన అంటుంది. ఆసుపత్రి బీఎల్‌ఎస్ అందుకు సరిపోదు. పైగా క్రమంలోనే తేడా ఉంది. అక్కడ చాలామంది నేర్చుకున్న అమెరికన్ పద్ధతిలో పిల్లలకైనా ఛాతీ నొక్కులతో మొదలుపెడతారు. ఇక్కడ పిల్లలకు ముందు 5 ఊపిరులు ఇచ్చి, ఆ తర్వాత 30 నొక్కులకు 2 ఊపిరుల లెక్కన సాగిస్తారు. పిల్లల్లో ఎక్కువసార్లు ముందు దెబ్బతినేది ఊపిరి, గుండె ఆగడం ఆ తర్వాత. అదే కారణంగా పెద్దవాళ్ల కోసం నేర్పే, ఊపిరివ్వకుండా ఛాతీ మాత్రమే నొక్కే పద్ధతితో సరిపెట్టుకోవద్దు. ఆ ఐసీయూ నర్సమ్మ చివరికి కోర్సుకు వెళ్లారు. తరగతిలో పక్కవాళ్లకు నేర్పింది ఆవిడే.

## ఎవరికి ఏది

ఉద్యోగం వెతుకుతున్నవారు. పూర్తి కోర్సు, తరగతిలో. చేతిలో ఉంటే దరఖాస్తుకు బలం. డబ్బు కష్టమైతే ఆగండి, చేరిన తర్వాత నర్సరీయే చేయించడం మామూలే. చేరాక యజమాని తప్పనిసరిగా చేయమన్న శిక్షణకు పోయే సమయం, కనీస వేతనం లెక్కలో పని సమయమే. ఆదివారం కోర్సుకు పంపి జీతం లేదంటే ఊరుకోవద్దు, కాంట్రాక్టు తీసి అడగండి.

చైల్డ్‌మైండర్లు. ఎంపికే లేదు, పూర్తి కోర్సు. మీ దగ్గర పనిచేసే సహాయకులు ఎంత కొద్దిసేపైనా పిల్లలతో ఒంటరిగా ఉండే వీలుంటే వారికీ అదే. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉండరు కాబట్టి, పిల్లవాడికి సీపీఆర్ చేస్తూనే ఫోన్ స్పీకర్‌లో పెట్టి 999తో మాట్లాడడం తరగతిలో అడిగి మరీ చేయించుకోండి. మిగతా పిల్లల్ని అప్పుడు ఏం చేయాలో కూడా శిక్షకుణ్ని అడగండి. నేను అడిగినప్పుడు తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది, ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

బేబీ రూమ్‌లో పనిచేసేవారు. సగం ఆన్‌లైన్‌దైనా సరే, పూర్తిదే. ఏడాదిలోపు శిశువుకు గొంతులో అడ్డం పడితే పొట్ట మీద నొక్కకూడదు. బోర్లా వేసి భుజాల మధ్య 5 చరుపులు, అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మీద 5 నొక్కులు. ఏడాది దాటిన పిల్లలకు ఛాతీ బదులు పొట్ట మీద నొక్కులు. ఈ తేడా చెబితే అందరూ తలూపుతారు. బొమ్మ చేతిలో పెట్టి "తొమ్మిది నెలల పాప" అంటే సగంమంది తడబడతారు.

అప్రెంటిస్‌లు, విద్యార్థులు. ఎమర్జెన్సీ కోర్సుతో మొదలుపెట్టినా ఫర్వాలేదు. కాలేజీ కోర్సులోనే ఇది కలిసి ఉందేమో ముందు కనుక్కోండి, రెండుసార్లు డబ్బు కట్టకండి.

మేనేజర్లు, నర్సరీ నడిపేవారు. మన తెలుగువాళ్లు నడిపే నర్సరీలూ ఇప్పుడున్నాయి కాబట్టి చెబుతున్నాను. 'ఆవరణలో ఒక్కరు' అన్న కనీసం మీద బతకొద్దు. ఆ ఒక్కరు భోజనానికి వెళ్తారు, జ్వరమొచ్చి సెలవు పెడతారు, పార్కుకు వెళ్లిన గుంపు వెంట పోతారు. ప్రతి గదికీ కనీసం ఇద్దరికి పూర్తి కోర్సు ఉంటే, తిండి వేళల నిబంధన కూడా ఇబ్బంది పెట్టదు. అందరి గడువూ ఒకే నెలలో తీరకుండా విడతలుగా చేయించండి. పది మందికి పైగా ఉంటే శిక్షకుణ్ని మీ దగ్గరికే పిలిపించుకోవచ్చు. మీ భోజనాల బల్ల దగ్గర, మీ ఎత్తు కుర్చీలతో సాధన చేసింది ఊరికే పోదు. ఎత్తు కుర్చీ బెల్టు విప్పడానికే ఎంత సమయం పడుతుందో అప్పుడు తెలుస్తుంది.

మనవళ్లను చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు. వారికి సర్టిఫికెట్ అక్కర్లేదు. మీరు నేర్చుకున్నది ఒక సాయంత్రం దిండు మీదో బొమ్మ మీదో తెలుగులో చేసి చూపించండి. జంతికలు, వేయించిన పల్లీలు, గుండ్రటి ద్రాక్షలు చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దని చెప్పండి. నర్సరీలో ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేస్తాం. మా అమ్మ మొదట "ఇంత చిన్న కాయకు ఇంత చాకిరీనా" అంది, తర్వాత ఆవిడే కోయసాగింది.

## శిక్షణ ఎవరి దగ్గర

సెయింట్ జాన్ ఆంబులెన్స్, బ్రిటిష్ రెడ్‌క్రాస్ లాంటి స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ నియంత్రణలో ఉన్న అవార్డు సంస్థల సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ కేంద్రాలు, సొంతంగా నేర్పే శిక్షకులు, అందరూ ఉన్నారు. సంస్థ పేరు పెద్దదైనా నేర్పేది ఆ రోజు వచ్చిన మనిషే. పాత ఆంబులెన్స్ ఉద్యోగి ఒకాయన ఒంటరిగా నడిపే తరగతిలో నేను నేర్చుకున్నంత, పెద్ద పేరున్న చోట నేర్చుకోలేదు.

డబ్బు కట్టే ముందు ఇవి అడగండి: విరామాలు తీసేస్తే అచ్చంగా ఎన్ని గంటలు? ఒక శిక్షకుడికి ఎంతమంది? (12కు మించితే నేనైతే వెళ్లను.) శిశువు బొమ్మలు, పెద్దపిల్లల బొమ్మలు విడిగా ఉన్నాయా, ఎంతమందికి ఒకటి? ప్రతి ఒక్కరినీ విడిగా చేయించి చూస్తారా, లేక గుంపుగా పాస్ చేస్తారా? కోర్సు ఈవైఎఫ్‌ఎస్ అనుబంధంలో ఉన్న విషయాలన్నీ చెబుతుందని రాసిస్తారా?

మీరు గర్భవతి అయినా, మోకాళ్ల నొప్పి ఉన్నా ముందే చెప్పండి. నేలమీద మోకరిల్లి సీపీఆర్ చేసి చూపించాల్సి ఉంటుంది.

## ఇంగ్లిష్ భయం ఉన్నవారికి

పరీక్ష గురించి అంత భయం అక్కర్లేదు. ఎక్కువ భాగం చేసి చూపించడమే, రాసేది చాలావరకు టిక్కు పెట్టే ప్రశ్నలే. అసలు కష్టం ఫోన్లో. మనం "కళ్లు తిరిగి పడిపోయాడు" అంటాం. దాన్ని ఇంగ్లిష్‌లో 'ఫెయింటెడ్' అని చెబితే అవతలివారికి పరిస్థితి తేలిగ్గా వినిపిస్తుంది. వాళ్లకు ముందు కావాల్సింది పిల్లవాడు పలుకుతున్నాడా, ఊపిరి తీస్తున్నాడా అన్నది. 'నాట్ రెస్పాండింగ్, నాట్ బ్రీతింగ్' అన్న మాటలు, నర్సరీ పోస్ట్‌కోడ్, పిల్లవాడి వయసు, ఈ మూడూ తడుముకోకుండా వచ్చేదాకా పైకి అనుకోండి. మా గది గోడమీద ఫోన్ పక్కన పోస్ట్‌కోడ్ పెద్ద అక్షరాలతో అతికించి ఉంటుంది. కంగారులో సొంత ఇంటి చిరునామా చెప్పేవాళ్లుంటారని మా శిక్షకుడు చెప్పాక అతికించాం.

## సర్టిఫికెట్ వచ్చాక

మూడేళ్ల గడువు కాగితానికి. చేతులు కొన్ని నెలల్లోనే మరిచిపోతాయి, అందుకే మధ్యలో ఏడాదికోసారి రిఫ్రెషర్ అవసరమేమో ఆలోచించమని ఈవైఎఫ్‌ఎస్ కూడా నర్సరీలకు చెబుతుంది. పద్ధతులూ మారుతుంటాయి. శిశువు ఛాతీని రెండు వేళ్లతో నొక్కడం నేను మొదట నేర్చుకున్నాను. రెండోసారి వెళ్లేసరికి, ఛాతీ చుట్టూ రెండు చేతులూ పట్టి రెండు బొటనవేళ్లతో నొక్కమన్నారు.

మొదటి కోర్సు చేసిన రెండో ఏడు, మధ్యాహ్నం తిండి వేళ, పదకొండు నెలల పాప ఒకతె క్యారెట్ ముక్క నోట్లో పెట్టుకుని నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా ఆగిపోయింది. చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను పోల్చుకున్నాను. ఎత్తు కుర్చీ బెల్టు ఎప్పుడు విప్పానో గుర్తులేదు, పాప నా ముంజేతి మీద బోర్లా ఉంది, తల కిందికి ఉంది. మూడో చరుపుకు ముక్క నేలమీద పడింది, పాప ఏడిచింది. తర్వాత తల్లికి ఫోన్ చేశాం, పుస్తకంలో సమయంతో సహా రాశాం, ముక్క ఎంత పెద్దదో కూడా రాశాం. ఆ రోజు నుంచి మా వంటగదిలో క్యారెట్‌ను వేలితో నొక్కితే చితికేదాకా ఉడికిస్తారు.

ఇప్పుడు నెలకోసారి, పిల్లలు ఇళ్లకు వెళ్లాక జరిగే స్టాఫ్ మీటింగు చివర పది నిమిషాలు బొమ్మను బయటికి తీస్తాం. ఎవరో ఒకరు "తొమ్మిది నెలలు, దగ్గడం లేదు" అంటారు, ఎవరి వైపు చూపిస్తే వాళ్లు లేచి చేయాలి. పోయిన నెల వంతు కొత్తగా చేరిన అప్రెంటిస్ అమ్మాయిది.